మెల్లగా తొక్కేవాడిని చూసి నవ్వకండి

మన కాలేజీ సైకిల్ గ్రూపులో ప్రతి ఆదివారం రాత్రి ఒక స్క్రీన్‌షాట్ పడుతుంది. ఆ వారం ఎవరి సగటు వేగం ఎంత అన్న పట్టిక అది. పైన ఉన్నోళ్లకు మంటల ఎమోజీలు, కింద ఉన్నోళ్లకు తాబేలు బొమ్మలు. ఆ పట్టికను తీసెయ్యాలని నా వాదన. తాబేలు బొమ్మ ఎక్కువసార్లు నాకే పడుతుంది కాబట్టి ఉక్రోషంతో రాస్తున్నాననుకుంటారేమో, అనుకోండి. కాకపోతే పూర్తిగా చదివి అనుకోండి.

ఆ పట్టిక వల్ల మనలో ఎవరూ తేలిగ్గా తొక్కడం లేదు. తేలిగ్గా తొక్కడం లేదు కాబట్టే గట్టిగా తొక్కాల్సిన రోజున గట్టిగా తొక్కలేకపోతున్నాం. వారంలో నాలుగు రైడ్లు, నాలుగూ ఒకటే తీరు. మాట్లాడితే రొప్పు వచ్చేంత వేగం, అట్లని ప్రాణం మీదికి వచ్చేంత వేగమూ కాదు. ఆగస్టులో 17 మందితో మొదలైన గ్రూపులో సంక్రాంతి సెలవుల నాటికి ఆరుగురం మిగిలాం. మిగతా 11 మందికి సైకిల్ అంటే ఇష్టం పోయిందంటే నేను నమ్మను.

ఇదే తంతు మా ఊళ్లోనూ చూశాను. మాది గోలేటి. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలో సింగరేణి కాలనీ. సింగరేణి లెక్కల్లో మాది బెల్లంపల్లి ఏరియా, కానీ ఆ ఏరియా జీఎం ఆఫీసు ఉండేది గోలేటిలో. ఈ ముక్క బయటివాళ్లకు అర్థం చేయించేసరికి రైలు దిగే స్టేషన్ వచ్చేస్తుంది. ఆ స్టేషన్ కూడా రెబ్బెనలో ఉంటుంది, బోర్డు మీద పేరు మాత్రం ఆసిఫాబాద్ రోడ్. సరే, సైకిళ్ల దగ్గరికి వస్తాను.

పోయిన వేసవి సెలవుల్లో పొద్దున 5 గంటలకే క్వార్టర్ల నుంచి 9 మంది పిల్లలు గేర్ల సైకిళ్లతో బయల్దేరేవాళ్లు. అందులో రెండు మూడు సైకిళ్లు బాపులకు వచ్చిన లాభాల వాటా డబ్బులతో కొన్నవి. సింగరేణి ఇచ్చే ఆ వాటా ఏ ఇంట్లో ఏ వస్తువు అయిందో వాడకట్టు మొత్తానికీ తెలిసిపోతుంది. కాలనీ దాటగానే పోటీ మొదలు. గోలేటి క్రాస్ రోడ్డు దాకా ఎవరు ముందు, హైవే ఎక్కాక ఎవరు ముందు, తిరుగు దారిలో ఎవరు ముందు. మా పక్క క్వార్టర్ అక్క ఒకామె రెండు రోజులు వచ్చింది. రెండో రోజు క్రాస్ రోడ్డు చేరేసరికి అక్కడ ఎవ్వరూ లేరు. మూడో రోజు ఆమె రాలేదు, ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు కూడా.

ఇంకొకడు నాకు వరసకు తమ్ముడు, ఇంటర్ చదువుతున్నాడు. వాడే ఆ గుంపులో అందరికన్నా గట్టోడు. రోజూ ముందుండేవాడు, ఒక్క రోజు నాగా లేదు. రెండు నెలలకు వాడి వేగం పెరగడం ఆగింది. ఆగింది కాబట్టి ఇంకా గట్టిగా తొక్కాడు. ఆ తర్వాత రాత్రి సరిగ్గా నిద్ర పట్టేది కాదు, పొద్దున లేవగానే నాడి చూసుకుంటే మామూలు కన్నా 10 ఎక్కువ కొట్టుకునేది, మోకాలు నొప్పి. డాక్టరు పరీక్షలు చేయిస్తే ఏ లోపమూ కనబడలేదు. కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమన్నారు. విశ్రాంతి అనే మాట వాడికి ఓడిపోయినట్టు వినబడింది. ఇప్పుడు ఆ సైకిల్ వాళ్ల వరండాలో గోడకు వేలాడుతోంది, హ్యాండిల్ మీద తువ్వాళ్లు ఆరేస్తున్నారు.

వాడికి పట్టుదల తక్కువైందని చెప్పేవాళ్లు ఉన్నారు. నాకు మాత్రం వాడిలో పట్టుదల తప్ప ఇంకేమీ లేకపోవడమే సమస్యగా కనిపించింది. ఎప్పుడు తగ్గాలో చెప్పేవాడు ఒక్కడూ లేడు.

కొంచెం శరీరం సంగతి చెప్పుకుందాం. వేగం పెంచుకుంటూ పోతే ఒంట్లో రెండు గడపలు వస్తాయి. మొదటి గడప కింద ఉన్నంతసేపు కండరాల్లో తయారయ్యే లాక్టేట్‌ను శరీరం ఎప్పటికప్పుడు వాడేసుకుంటుంది, కొవ్వును బాగా ఇంధనంగా కాలుస్తుంది, గంటలకొద్దీ సాగించొచ్చు. రెండో గడప దాటితే లాక్టేట్ పేరుకుంటూ పోతుంది, కాసేపట్లో ఆగిపోక తప్పదు. ఈ రెండింటి నడుమ ఉన్న జాగాలోనే మనం రోజూ తిరుగుతున్నాం. అది విషం అని నేను అనను. అక్కడా లాభం ఉంది. కానీ దాని అలసట పక్క రోజు దాకా మిగులుతుంది, గట్టి సాధన ఇచ్చే పై మెట్టు మాత్రం అందదు. తేలిక రైడ్లు చేసే పని వేరు. కండరాల్లో మైటోకాండ్రియా పెరగడం, సన్న రక్తనాళాలు కొత్తగా అల్లుకోవడం, గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోయడం, ఇవన్నీ మెల్లగా, చాలా గంటల మీద జరుగుతాయి. సివిల్ వాళ్లకైతే ఒక్క మాట చాలు, క్యూరింగ్. స్లాబ్ పోసిన రోజే బలం రాదు, ఆ తర్వాత నీళ్లు పట్టిన రోజుల్లో వస్తుంది.

ఈ విషయం మీద ఎక్కువగా పనిచేసిన వాళ్లలో స్టీఫెన్ సైలర్ ఒకరు. అమెరికాలో పుట్టి నార్వేలో స్థిరపడ్డ పరిశోధకుడు. ఆయన, షెర్లాండ్ అనే సహ పరిశోధకుడు కలిసి నార్వే జూనియర్ స్కీయింగ్ ఆటగాళ్ల సాధనను లెక్కగట్టి 2006లో ప్రచురించారు. ఆ కుర్రాళ్ల సెషన్లలో సుమారు ముప్పావు వంతు మొదటి గడప కిందే ఉన్నాయి. 15 నుంచి 20 శాతం రెండో గడప పైన. నడుమ భాగం పది శాతం లోపే. దేశంలో అందరికన్నా వేగంగా పోయే పిల్లలు ఎక్కువ రోజులు మెల్లగా పోతున్నారన్నమాట. రోయింగ్, పరుగు, సైక్లింగ్‌లో పై స్థాయి వాళ్ల దగ్గరా దాదాపు ఇలాంటి లెక్కే కనబడటంతో జనం నోళ్లలో అది 80-20 అయింది. ఇక్కడ ఒక చిక్కుంది, మన వాళ్లు తరచూ తప్పు చెబుతారు. ఆ 80-20 సెషన్ల లెక్క, నిమిషాల లెక్క కాదు. గట్టి సెషన్‌లో కూడా వార్మప్, మధ్య విరామాలు ఉంటాయి కాబట్టి నిమిషాల్లో చూస్తే తేలిక భాగం 90 దాకా పోతుంది.

సైకిల్ మీదే చేసిన పరిశోధన కావాలంటే 2013 నాటిది ఉంది, అదీ సైలర్ బృందానిదే. అందులో ఉన్నది 35 మంది మామూలు సైక్లిస్టులు, ప్రొఫెషనల్స్ కారు. ఏడు వారాల పాటు ఒక గుంపు వారానికి రెండుసార్లు 4 నిమిషాల దెబ్బలు నాలుగు కొట్టింది, ఇంకో గుంపు 8 నిమిషాలవి నాలుగు, మరో గుంపు 16 నిమిషాలవి నాలుగు. నాలుగో గుంపు తేలిక రైడ్లే చేసింది. బాగా లాభపడింది 8 నిమిషాల గుంపు. 4 నిమిషాల వాళ్లు వాళ్లకన్నా గట్టిగానే కొట్టారు, గుండె వేగం ఇంకా పైకి పోయింది, అయినా లాభం తక్కువే. గట్టి రోజున కూడా ప్రాణాలకు తెగించడం కన్నా కొంచెం తగ్గించి ఎక్కువసేపు నిలబడటం మేలు చేసిందని దీన్నిబట్టి నాకు అర్థమైంది. మన గ్రూపులో మాత్రం గట్టి రోజు అంటే ఫ్లైఓవర్ మీద ఒక్క నిమిషం వీరావేశం, తర్వాత ఇరానీ చాయ్.

ఇవన్నీ తెలిసినా మెల్లగా తొక్కడం ఎందుకంత కష్టం? కార్ల్ ఫోస్టర్ బృందం 2001లో ఒక సరదా సంగతి బయటపెట్టింది. కోచ్‌లు తేలిక అని రాసిచ్చిన రోజున అథ్లెట్లు అనుకున్నదాని కన్నా ఎక్కువ కష్టపడ్డారు, కష్టం అని రాసిచ్చిన రోజున అనుకున్నదాని కన్నా తక్కువ. రెండూ జారి జారి నడిమధ్యకు వచ్చాయి. కోచ్ ఉన్నవాళ్ల గతే అది. మనకు కోచ్ లేడు, పైగా స్క్రీన్‌షాట్ ఉంది. నా పక్క నుంచి దాటిపోతూ "ఏంరా, పెళ్లి ఊరేగింపులో పోతున్నావా?" అని అరిచేవాడు ఉన్నాడు. దాటిపోయినవాడిని దాటనిచ్చి ఊరుకోవడానికి కాళ్లలో బలం అక్కర్లేదు, మొహం మందం కావాలి. 20 ఏళ్ల వయసులో కాళ్ల బలం కన్నా అది కష్టం.

మా బొగ్గు బాయిల కాడ ఒక మాట ఉంది, ప్లేడే. వారపు సెలవు దినం. ఆ రోజు డ్యూటీకి పిలిస్తే రెట్టింపు జీతం, అందుకే పేరుకు సెలవైనా ప్లేడే మస్టర్ కోసం ఎగబడేవాళ్లు ఎగబడుతూనే ఉంటారు. ఇంట్లో అప్పు ఉన్నవాడు పోక ఏం చేస్తాడు, వాళ్లను నేను తప్పుపట్టను. మన సైకిల్ వాళ్లు కూడా తేలిక రోజును ప్లేడే డ్యూటీ చేసేశారు. ఈ రోజు కూడా కష్టపడితే రెట్టింపు వస్తుందని ఆశ. కంపెనీ ఇస్తుందేమో గానీ ఒళ్లు ఇవ్వదు. ఒళ్లు ఆ రోజు జీతం కోసేసి, మిగతా వారం జీతంలోంచి కూడా కొంత పట్టుకుంటుంది.

బాపు భూగర్భ గనిలో చేరిన కొత్తలో సైకిల్ మీదే డ్యూటీకి పోయేవాడు. అప్పట్లో ప్రతి బాయి కాడ పెద్ద సైకిల్ స్టాండ్ ఉండేదని, షిఫ్టు దిగాక చీకట్లో తన సైకిల్ వెతుక్కోవడమే ఒక పని అని చెబుతాడు. గేర్లు లేని బరువు సైకిల్, హ్యాండిల్‌కు సద్ది గిన్నె. ఎవరన్నా రేసు పెట్టుకునేవాళ్లా బాపూ అని అడిగితే నవ్వాడు. "ఎనిమిది గంటల పని ముందుండంగ దమ్ము తొవ్వల పోగొట్టుకునేటోడు ఎవడురా?" అన్నాడు. పోయేటప్పుడు తేలిక, వచ్చేటప్పుడు తేలిక, వారంలో ఆరు రోజులు. అది సాధన అని వాళ్లెవరూ అనుకోలేదు, బతుకుదెరువు. బొగ్గు దుమ్మును, ఆ అలసటను ఆటగా చూపించి అందంగా చేయడం నాకూ ఇష్టం లేదు. కానీ మెల్లగా తొక్కడం చేతగానితనం అన్న ఆలోచన మా కాలనీలోకి బైకులు, ఫోన్ యాప్‌లు వచ్చాక వచ్చింది, అంతకుముందు లేదు. బాపును ఎవరూ తాబేలు అనలేదు.

సగటు వేగం పట్టిక మీద నాకు ఇంకో అభ్యంతరం ఉంది, అది ఎండ. మా జిల్లాలో మే నెలలో 45 డిగ్రీలు మామూలు, చలికాలం రాత్రి ఒక అంకెకు పడిపోతుంది. ఒకే రోడ్డు, ఒకే సైకిల్, ఒకే 22 కిలోమీటర్ల వేగం. జనవరి పొద్దున అది తేలిక రైడ్. మే నెలలో 8 దాటాక అదే వేగానికి గుండె నిమిషానికి పది పదిహేను సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. ఒంట్లో నీరు తగ్గుతుంది, చర్మాన్ని చల్లబరచడానికి కూడా రక్తం పంపాలి. చలికాలపు వేగాన్ని నిలబెట్టుకోవాలని ఎండాకాలంలో తొక్కినవాడు ప్రతిరోజూ గట్టి రైడే చేస్తున్నట్టు, తనకు తెలియకుండా. ఎదురుగాలి సంగతీ అంతే.

దుమ్ము ఇంకోటి. ఊరకే కూర్చున్నప్పుడు మనం నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలుస్తాం. బాగా గట్టిగా తొక్కేటప్పుడు అది 100 లీటర్లు దాటొచ్చు, అదీ నోటితో. బొగ్గు లారీలు తిరిగే రోడ్డు మీద స్ప్రింట్ కొట్టడం అంటే ఆ 100 లీటర్లనూ లారీ వెనక నిలబడి పీల్చడమే. మా ఊరి పిల్లలకు నేను గట్టిగా చెప్పింది ఇదొక్కటే. గట్టి రోజుకు రోడ్డు మార్చండి, లారీలు మొదలుకాకముందే ముగించండి. మన కాలేజీ ముందున్న రింగ్ రోడ్డు టిప్పర్లకూ ఇది వర్తిస్తుంది.

మన గ్రూపులో ఒక సీనియర్ అన్న నాతో చాలాసార్లు వాదించాడు. ఆయన మాటలో పస ఉంది. "తమ్మీ, నీ 80-20 వారానికి 20 గంటలు తొక్కేటోళ్ల లెక్క. మనకు దొరికేదే ఐదు గంటలు. అందులో నాలుగు గంటలు షికారు చేస్తే ఏం మిగులుతది?" నిజమే. తక్కువ గంటలు ఉన్నవాడికి గట్టి పాలు కొంచెం పెంచుకోవడంలో తప్పు లేదు. పరిశోధకుల్లోనూ ఈ గొడవ తెగలేదు. 2014లో స్టెగుల్, స్పెర్లిక్ అనే ఇద్దరు 48 మంది అథ్లెట్లను తొమ్మిది వారాలు నాలుగు రకాల సాధనలో పెట్టి చూస్తే, తేలిక-గట్టి రెండు కొసలుగా చేసినవాళ్లు ఎక్కువ లాభపడ్డారు. ఆ తర్వాతి అధ్యయనాలన్నీ ఆ మాటే చెప్పలేదు. తేలిక చాలా, నడుమ కొంత, గట్టి ఇంకొంచెం తక్కువ, ఇలా పిరమిడ్‌లాగా చేసేవాళ్లూ బాగానే రాణిస్తున్నారు. అంకె మీద నాకు భక్తి లేదు. 70-30 చెయ్యండి, నాకు ఓకే. నేను అన్నకు చెప్పిన జవాబు ఇది. "అన్నా, మనం చేసేది 80-20 కాదు, 70-30 కూడా కాదు. సున్నా-సున్నా-వంద. మొత్తం నడుమే." ఆయన కాసేపు ఆలోచించి చాయ్ డబ్బులు ఆయనే ఇచ్చాడు. దాన్ని ఒప్పుకోలుగా లెక్కేసుకున్నా.

ఇంతకూ మన గ్రూపు పెట్టుకున్న గమ్యం ఏంటి? హైదరాబాద్ రాండోనియర్స్ వాళ్లు పెట్టే 200 కిలోమీటర్ల బ్రెవే పూర్తి చేయడం. బ్రెవే పోటీ కాదు, గడువులోగా చేరితే చాలు, మొదటివాడికీ చివరివాడికీ తేడా లేదు. 200 కిలోమీటర్లకు గడువు 13 గంటల 30 నిమిషాలు. లెక్క వేయండి, సగటున గంటకు 15 కిలోమీటర్లు కూడా అవసరం లేదు. గంటకు 20 చొప్పున తొక్కితే 10 గంటల్లో అయిపోతుంది, ఇడ్లీకి, పంక్చర్లకు, చెట్టు కింద కూర్చోడానికి మూడున్నర గంటలు మిగులుతాయి. ఈ వరసకు పై కొస పారిస్-బ్రెస్ట్-పారిస్, 1891లో రేసుగా మొదలై ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరుగుతుంది. 1200 కిలోమీటర్లు, గడువు 90 గంటలు. అక్కడికి పోవాలంటే ముందు 200, 300, 400, 600 బ్రెవేలు పూర్తి చేసి ఉండాలి. వీటిలో ఏదీ 35 వేగంతో మూడు కిలోమీటర్లు పోగలిగినవాడిని అడగదు. తొమ్మిదో గంటలో కూడా సీటు మీద కూర్చుని తిన్నది అరిగించుకుంటూ తొక్కగలిగినవాడిని అడుగుతుంది. ఆ తొమ్మిదో గంట మన పట్టికలో ఎక్కడా లేదు.

అందుకే నా ప్రతిపాదన. వారంలో నాలుగు రైడ్లుంటే మూడు తేలిక, ఒకటి గట్టి. తేలిక రోజున అందరికన్నా మెల్లగా పోయేవాళ్లు ముందుండాలి, వాళ్లను దాటకూడదు. అంతే, ఇంకో నియమం వద్దు. గట్టి రోజున పావుగంట వార్మప్, తర్వాత 8 నిమిషాలవి నాలుగు, మధ్యలో రెండేసి నిమిషాలు, ఎవరి వేగం వాళ్లది. కొత్తగా చేరినవాళ్లు మొదటి నెలంతా తేలికే తొక్కాలి. పట్టికలో వేగం బదులు వారానికి ఎన్ని గంటలు తొక్కాం, ఎంతమంది వచ్చాం అని రాద్దాం.

గుండె కొలిచే బెల్టు కొనమని ఎవరినీ అడగను. 220లోంచి వయసు తీసేసే సూత్రం ఎలాగూ ఒక్కొక్కరికి పది పన్నెండు దెబ్బలు అటూ ఇటూ అవుతుంది. ఆట శాస్త్రంలో మాటల పరీక్ష అని ఒకటి ఉంది, తొక్కుతూ మాట్లాడగలుగుతున్నామా లేదా అని చూసుకోవడం. మనది సాహిత్య క్లబ్బు కాబట్టి పద్యాల పరీక్ష పెట్టుకుందాం. తొక్కుతూ తొక్కుతూ సీస పద్యం పాదానికి పాదం తడబడకుండా చదవగలిగితే తేలిక. ఆటవెలది వస్తుంది గానీ సీసం తెగిపోతోందంటే నడుమ జాగాలో ఉన్నట్టు, తేలిక రోజైతే వెంటనే గేరు తగ్గించాలి. గట్టి రోజున మాత్రం ఆటవెలది మొదటి పాదం కూడా పూర్తి కాకూడదు. మొన్న ఒక్కడినే పోయి ప్రయత్నించాను. రోడ్డు పక్కన టీ బండి ఆయన "ఏమైంది బాబూ?" అని పరిగెత్తుకొచ్చాడు గానీ, కొలత మాత్రం బాగా పనిచేసింది.

మా పక్క క్వార్టర్ అక్కకు ఈ నియమం ఫోన్‌లో చెప్పాను. దసరా సెలవులకు గోలేటిలో ఒక తేలిక రైడ్ పెడదాం, రెబ్బెన దాకా పోయి రావడం, ముందు నువ్వే ఉంటావు అన్నాను. "నేను ముందుంటే మీరంతా మధ్యాహ్నానికి గానీ ఇల్లు చేరరు" అంది. చేరకపోయినా పర్లేదు, సద్ది కట్టుకుని పోదాం అన్నాను. ఆలోచిస్తానంది. మన గ్రూపు ఆరుగురి ఓట్లు ఈ వారంలోగా కావాలి, అడ్మిన్ పట్టిక తీసేయడానికి మెజారిటీ అడుగుతున్నాడు.